రూల్ మారాక పెళ్ళి చేసుకుంటాలే అంటున్న తమ్ముడు

ప్రశ్న: మా అమ్మ కేథలిక్, నాన్న లూథరన్. తమ్ముడు కేథలిక్ గురువు కావడానికి సెమినరీలో ఆఖరి దశలో ఉన్నాడు, గురుపట్టానికి ముందు మెట్టయిన డీకన్ పట్టం త్వరలో ఇస్తారంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. "యేసు శిష్యుడు పేతురుకే పెళ్ళయింది, ఈ బ్రహ్మచర్యం 1139లో ఆస్తుల కోసం పోపులు పెట్టింది" అని నాన్న. "యేసు ప్రభువు కాలం నుంచీ ఉన్నదే" అని అమ్మ. మొన్న సెలవులకి వచ్చినప్పుడు తమ్ముడు నాతో ఒక్కదానితోనే అన్నాడు: "అక్కా, ఇంకో పదిహేనేళ్ళలో రూల్ ఎలాగూ మారుతుంది, అప్పుడు చేసుకుంటాలే." అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. అసలు ఎవరిది నిజం? వాడికి నేనేం చెప్పాలి?

సమాధానం: మీ ఉత్తరంలో అమ్మానాన్నల వాదనకి రెండున్నర పేజీలు పట్టాయి, పైన చాలా కుదించాను. తమ్ముడి మాట చివర్లో రెండు లైన్లలో వచ్చింది. నేను ఆ రెండు లైన్ల దగ్గరే ఆగిపోయాను కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం, అమ్మానాన్నల్ని ఇంకాసేపు కొట్లాడుకోనివ్వండి.

మీ తమ్ముడి లెక్క తప్పమ్మా. రేపే వాటికన్ రూల్ మార్చేసిందనుకోండి, అయినా ఆ మార్పు అతనికి పనికొస్తుందన్న నమ్మకం లేదు. పోపు కింద లేని ఆర్థడాక్స్ సంఘాల్లో పెళ్ళయిన గురువులు ఉన్నారు, రోముతో కలిసి ఉన్న తూర్పు కేథలిక్ సంఘాల్లోనూ ఉన్నారు, కానీ అక్కడ వరస ఒకటే: ముందు పెళ్ళి, ఆ తర్వాత పట్టం. పెళ్ళయినవాడు గురువు కావచ్చు, గురువైనవాడు మాత్రం పెళ్ళి చేసుకోకూడదు. ఎంతదాకా అంటే, చిన్నపిల్లలున్న గురువుకి భార్య చనిపోయినా మళ్ళీ పెళ్ళికి ఆ సంప్రదాయం మామూలుగా ఒప్పుకోదు. 692 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్ రాజప్రాసాదం గుమ్మటం కింద కూర్చుని తూర్పు బిషప్పులు రాసుకున్న నియమాలివి, ట్రుల్లో సభ అంటారు. రోము వాళ్ళు భార్యలతో కాపురం మానెయ్యమంటున్నారు, మేం మాత్రం అలా విడదీయం అని ఆ సభ పేరు పెట్టి మరీ చెప్పింది. అంత ధైర్యంగా రోముని కాదన్నవాళ్ళు కూడా పట్టం తర్వాత పెళ్ళికి ఒప్పుకోలేదు, బిషప్పులకైతే సంసారమే వద్దన్నారు.

కేథలిక్ సంఘంలో ఈ మధ్య వచ్చిన సడలింపులు, ప్రతిపాదనలు కూడా ఇదే వరసలో ఉన్నాయి. 1980ల నుంచి అమెరికాలో, 2009 తర్వాత ఇంకా విస్తృతంగా, ఇంగ్లండులో పుట్టిన ఆంగ్లికన్ సంఘం నుంచి వచ్చిన పెళ్ళయిన పాస్టర్లకి కేథలిక్ గురుపట్టం ఇస్తున్నారు, వాళ్ళు భార్యాపిల్లలతోనే వచ్చారు. 2019 అక్టోబరులో అమెజాన్ ప్రాంతం గురించి రోములో జరిగిన సినడ్‌లో, అంటే బిషప్పుల సభలో, నెలల తరబడి పూజ దొరకని మారుమూల సంఘాల కోసం, అప్పటికే పెళ్ళయి సంఘంలో మంచి పేరున్న శాశ్వత డీకన్లకి (గురువులు కాకుండా డీకన్లుగానే ఉండేవాళ్ళకి) గురుపట్టం ఇవ్వాలన్న ప్రతిపాదనకి 128 మంది అనుకూలంగా, 41 మంది వ్యతిరేకంగా ఓటేశారు. పెళ్ళయినవాళ్ళని గురువులుగా తీసుకుందాం అన్నారు, ఉన్న గురువులకి పెళ్ళిళ్ళు చేద్దాం అనలేదు. తర్వాత 2020 ఫిబ్రవరిలో పోపు ఫ్రాన్సిస్ ఆ సినడ్ మీద లేఖ రాస్తూ ఆ ప్రతిపాదన ఊసే ఎత్తలేదు, అది వేరే సంగతి.

అంటే నిజంగా తలుపు తెరుచుకున్నా ఆ తలుపు బయట నిలబడ్డ పెళ్ళయినవాళ్ళ కోసం తెరుచుకుంటుంది, లోపల ఎదురుచూస్తున్న మీ తమ్ముడి కోసం కాదు. ఈ ఒక్క విషయం అతనికి తెలుసో లేదో కనుక్కోండి. సెమినరీలో అన్నేళ్ళు చదివాడు కాబట్టి తెలిసే ఉంటుంది, కానీ తెలియడం వేరు, తన విషయంలో ఒప్పుకోవడం వేరు.

ఇంకో మాట. అతను డయోసిస్ కోసం, అంటే ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం కోసం చదువుతున్నాడా, మఠసభలో చేరాడా మీరు రాయలేదు. డయోసిస్ గురువు బ్రహ్మచర్యానికి మాట ఇస్తాడు, అది సంఘం పెట్టిన నియమం. మఠసభలో చేరినవాళ్ళైతే పేదరికం, విధేయతలతో పాటు కన్యత్వ వ్రతం తీసుకుంటారు, అది ఆ జీవితంలోనే భాగం. డయోసిస్ గురువుల రూల్ మారినా ఆ వ్రతం ఎక్కడికీ పోదు. రెండో కోవలో ఉంటే అతని లెక్క ఇంకా దూరం.

ఇప్పుడు అమ్మానాన్నల దగ్గరికి వద్దాం. ఇద్దరూ సగం సగం పట్టుకుని లాగుతున్నారు.

పేతురుకి పెళ్ళయిందన్నది నిజమే, ఆయన అత్తగారి జ్వరాన్ని యేసు నయం చేసినట్టు సువార్తల్లోనే ఉంది. కేఫా (అంటే పేతురే), తక్కిన అపొస్తలులు భార్యల్ని వెంటబెట్టుకుని తిరిగే హక్కు గురించి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో మాట్లాడతాడు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో అధ్యక్షుడు (అంటే బిషప్పు) "ఏకపత్నీ పురుషుడు" అయి ఉండాలని ఉంది. ఇక్కడిదాకా నాన్నగారిదే పైచెయ్యి. కానీ అదే కొరింథు పత్రిక 7వ అధ్యాయం తిప్పితే పౌలు తనలాగే పెళ్ళి లేకుండా ఉండటం మేలంటాడు, పెళ్ళికానివాడి మనసు ప్రభువు పనుల మీద ఉంటుందంటాడు, అదే అధ్యాయంలో ఇది ప్రభువు ఆజ్ఞ కాదు, నా అభిప్రాయం అని కూడా ఒప్పుకుంటాడు. మత్తయి 19లో పరలోక రాజ్యం కోసం పెళ్ళి వదులుకున్నవాళ్ళ గురించి యేసే చెప్పాడు. కాబట్టి ఆ ఆదర్శం మొదటినుంచీ ఉంది, అమ్మగారి మాట అక్కడ నిజం. ఆదర్శం ఉండటం, చట్టం ఉండటం ఒకటి కాదు.

చట్టం లాంటిది మనకి మొదట కనబడేది స్పెయిన్‌లో, 305 ప్రాంతంలో జరిగిన ఎల్విరా సభలో. అక్కడ కూడా పెళ్ళి వద్దనలేదు, సంసారం వద్దన్నారు. బిషప్పులు, గురువులు, డీకన్లు భార్యలకి దూరంగా ఉండాలి, పిల్లల్ని కనకూడదు. చదివినప్పుడల్లా నాకు వింతగా ఉంటుంది, పెళ్ళాం ఇంట్లోనే ఉంటుంది, కాపురం ఉండదు! 385లో పోపు సిరీసియస్ స్పెయిన్‌లోని టారగోనా బిషప్పుకి ఇదే విషయం గట్టిగా రాశాడు. ఆయన వాదన ఏమిటంటే, పాత నిబంధన యాజకులు ఆలయ సేవ వంతు వచ్చినప్పుడు ఇళ్ళకి దూరంగా ఉండేవాళ్ళు, మన గురువులది ఎప్పుడూ ఉండే సేవ కదా, మరి వీళ్ళెప్పుడూ దూరంగానే ఉండాలి. తూర్పు వాళ్ళు పూజకి ముందు మాత్రం దూరంగా ఉంటే చాలనుకున్నారు. పడమర మాత్రం "కొన్నాళ్ళు" కాస్తా "ఎప్పటికీ" అయింది. ఆ నియమం అపొస్తలుల నుంచే నోటిమాటగా వచ్చిందని కొందరు కేథలిక్ పండితులు వాదిస్తారు, నాకైతే ఆ ఆధారాలు చాలవనిపిస్తుంది. నాన్నగారి వైపు నుంచి కూడా ఒక బలహీనమైన కథ వస్తుంది, చూస్తూ ఉండండి: 325 నైసియా సభలో పఫ్నూషియస్ అనే బిషప్పు తను బ్రహ్మచారి అయ్యుండీ లేచి, గురువుల మీద ఈ భారం పెట్టకండి అన్నాడని. అది రాసిన చరిత్రకారుడు వందేళ్ళకి పైగా తర్వాతి వాడు, నమ్మలేమనే వాళ్ళు చాలామంది.

రాసుకున్నంత మాత్రాన జరిగిపోలేదు. శతాబ్దాల పాటు పడమర గురువులు పెళ్ళాం పిల్లలతోనే ఉన్నారు. 6వ శతాబ్దంలో పోపు హోర్మిస్డస్ కొడుకు సిల్వేరియస్ కూడా తర్వాత పోపు అయ్యాడు.

ఆస్తి సంగతి వట్టి నిందేమీ కాదు. 1022లో పావియాలో పోపు బెనెడిక్ట్ 8, చక్రవర్తి హెన్రీ 2 కలిసి జరిపిన సభ గురువుల పిల్లల్ని సంఘానికి దాసులుగా ప్రకటించింది, సంఘం భూములు వారసత్వంగా జారిపోకూడదన్న భయం అందులో బాహాటంగానే ఉంది. కానీ అంతా ఆస్తే అంటే నేనొప్పుకోను. 1050ల చివర్లో మిలాన్‌లో పటారియా అనే ఉద్యమం లేచింది, అందులో మామూలు జనం కూడా వీధుల్లోకి వచ్చి పెళ్ళయిన గురువులు, పదవులు కొనుక్కున్న గురువులు మాకొద్దన్నారు. ఆ జనానికి భూముల్లో వాటా ఏమీ లేదు, వాళ్ళకి కావలసింది పవిత్రమైన చేతుల మీదుగా పూజ. సన్యాసుల మఠాల నుంచి వచ్చిన సంస్కర్తలకీ అదే పట్టుదల. ఆస్తి భయం, శుద్ధి పిచ్చి, మఠాల ఆదర్శం, ఈ మూడూ ఒకేసారి కలిశాయి. 1074లో పోపు గ్రెగరీ 7 పెళ్ళయిన గురువుల మీద విరుచుకుపడితే గురువులూ ఊరుకోలేదు. ఆ దశకంలోనే ఫ్రాన్స్‌లో రూఎన్ ఆర్చిబిషప్పు ఈ మాట ఎత్తినందుకు సొంత గురువులే రాళ్ళేసి గుడి నుంచి తరిమారట.

ఈ చరిత్రలో నాకు మింగుడుపడనిది వేరే ఉంది. భార్యలు. అప్పటిదాకా ఊళ్ళో అమ్మగారూ అనిపించుకున్న ఆవిడ ఒక్క శాసనంతో ఉంచుకున్నది అయిపోయింది. 1089లో పోపు ఉర్బన్ 2 మెల్ఫి సభలో, డీకన్ కంటే ఒక మెట్టు కిందుండే సబ్‌డీకన్లు భార్యల్ని విడిచిపెట్టకపోతే ఆ స్త్రీలని బానిసలుగా పట్టుకెళ్ళడానికి రాజులకి అనుమతి ఇచ్చారు. తప్పు చేశాడన్నది మగాణ్ణి, సంకెళ్ళు ఆడదానికి. మీ ఇంట్లో ఇంత వాదనలో ఈ ఆడవాళ్ళ ఊసు ఎవరైనా ఎత్తారా? నేనేమీ పాత గాయం గెలకడానికి చెప్పడం లేదు, మీ తమ్ముడి విషయంలో ఇది మళ్ళీ వస్తుంది.

ఇక 1139. రోములో జరిగిన రెండో లాటరన్ సభ. నాన్నగారు అన్నట్టు బ్రహ్మచర్యం ఆ ఏడు పుట్టలేదు, చూశారుగా, అప్పటికే ఎనిమిది వందల ఏళ్ళ పాతది. ఆ ఏడు మారింది ఏమిటంటే, అంతకుముందు గురువు పెళ్ళి చేసుకుంటే తప్పు చేశాడనేవారు, కానీ పెళ్ళి పెళ్ళే. 1139 నుంచి అది అసలు పెళ్ళే కాదన్నారు. ఇప్పటి కేథలిక్ చట్టం, అంటే 1983 నాటి కానన్ లా, 1087వ నియమంలో అదే మాట ఉంది. నాన్నగారికి ఆ తేదీ గుర్తుండటం మంచిదే, అర్థం మాత్రం సరిచెయ్యండి.

లూథరన్ సంఘానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్, మఠం విడిచిన కేథరీనా ఫాన్ బోరాని 1525లో పెళ్ళాడటం, ఆరుగురు పిల్లలు, పాస్టరు గారి ఇల్లు అనే కొత్త నమూనా పుట్టడం, ఇవన్నీ మీ నాన్నగారు నాకంటే బాగా చెప్తారు. కేథలిక్కుల ట్రెంట్ సభ 1563లో దానికి జవాబుగా పాత నియమాన్నే ఇంకా గట్టిగా బిగించింది. పెళ్ళయిన పాస్టరు గారి ఇంట్లో కష్టాలు ఉండవని మాత్రం ఎవరూ అనుకోవద్దు, జీతం లేకుండా సంఘానికి రాత్రింబవళ్ళు చాకిరీ చేసే పాస్టరమ్మల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

మరి రూల్ మారుతుందా? మార్చగలిగిన రూలే. 1965లో రెండో వాటికన్ సభ, గురుత్వానికి బ్రహ్మచర్యం దాని స్వభావం రీత్యా తప్పనిసరి కాదని, తూర్పు సంఘాలని చూపించి మరీ రాసింది, అయినా లాటిన్ సంఘంలో ఉంచుతున్నామంది. అసలు ఆ సభలో దీని మీద బహిరంగ చర్చే వద్దని పోపు పాల్ 6 ఆపేసి, 1967లో బ్రహ్మచర్యాన్ని సమర్థిస్తూ ఒక పూర్తి లేఖ విడుదల చేశాడు. పోపు ఫ్రాన్సిస్ 2019 జనవరిలో విమానంలో విలేఖరులతో మాట్లాడుతూ, ఈ చట్టం మార్చడం కంటే ప్రాణమిస్తానన్న పాల్ 6 మాటని గుర్తు చేసుకున్నాడు. అదే ఫ్రాన్సిస్ 2023లో ఒక ఇంటర్వ్యూలో ఇది తాత్కాలిక నియమం, గురుపట్టంలా శాశ్వతం కాదన్నాడు. మీ తమ్ముడు బహుశా ఈ రెండో మాట ఒక్కటే విని ఉంటాడు. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాలపై ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ 2017 నివేదికలో, బ్రహ్మచర్యమే నేరుగా కారణం కాదు కానీ ప్రమాదాన్ని పెంచేవాటిలో ఒకటి అని, డయోసిస్ గురువులకి దాన్ని ఐచ్ఛికం చేసే విషయం పరిశీలించమని వాటికన్‌ని కోరాలని సిఫారసు చేసింది. నన్నడిగితే ఐచ్ఛికం చెయ్యడమే మంచిది. మనస్ఫూర్తిగా తీసుకున్నవాళ్ళ బ్రహ్మచర్యానికి అప్పుడే విలువ పెరుగుతుంది. కానీ నా అభిప్రాయం మీద మీ తమ్ముడు జీవితం కట్టుకోలేడు కదా, వాటికన్ ఊహాగానాల మీద కూడా కట్టుకోకూడదు.

ఈ మాట మీద ఎంత పట్టుదల ఉంటుందో ఒక్క ఉదాహరణ. 1889లో అలెక్సిస్ టోత్ అనే తూర్పు కేథలిక్ గురువు అమెరికాలో మినియాపొలిస్ వచ్చి అక్కడి ఆర్చిబిషప్పు జాన్ ఐర్లండ్‌ని కలిశాడు. ఆయనకి ఒకప్పుడు పెళ్ళయిందని తెలియగానే ఆర్చిబిషప్పు పనిచెయ్యడానికే వీల్లేదన్నాడు. భార్య అప్పటికే చనిపోయింది! అయినా సరే. 1891లో టోత్ తన సంఘంతో సహా రష్యన్ ఆర్థడాక్స్ సంఘంలో కలిసిపోయాడు, ఆ దారిలో తర్వాత వేలమంది వెళ్ళారు. తూర్పు కేథలిక్ గురువులు తమ సొంత ప్రాంతాలు దాటినా పెళ్ళయినవాళ్ళుగా పనిచెయ్యవచ్చని రోము చెప్పింది ఎప్పుడో తెలుసా? 2014లో. మీ తమ్ముడు పదిహేనేళ్ళు అంటున్నాడు.

ఇప్పుడు మీరు చెయ్యగలిగింది. చరిత్ర వాదన అతని ముందు పెట్టకండి, సెమినరీ కుర్రాడు అందులో మిమ్మల్నీ నన్నూ కలిపి ఓడిస్తాడు. ఒక్క ప్రశ్న అడగండి: "ఈ రూల్ నువ్వు బతికుండగా మారదని ఇవాళే తెలిస్తే, అయినా డీకన్ పట్టం తీసుకుంటావా?" అడిగాక మీరు మాట్లాడకండి. వెంటనే అవునంటే సంతోషం, మొన్న సెలవుల్లో అన్నది సరదాకో, అమ్మానాన్నల గోల తట్టుకోలేకో అని ఉంటాడు. ఆగిపోతే, ఆ ఆగడమే జవాబు.

ఎందుకంటే గీత అక్కడే ఉంది, గురుపట్టం దగ్గర కాదు, దానికి ముందు వచ్చే డీకన్ పట్టం దగ్గర. చాలా కుటుంబాలకి ఇది తెలియదు, గురుపట్టం నాటికి ఇంకా టైముంది అనుకుంటారు. 1037వ నియమం ప్రకారం పెళ్ళికాని అభ్యర్థి డీకన్ పట్టానికి ముందే దేవుడి ఎదుట, సంఘం ఎదుట బహిరంగంగా బ్రహ్మచర్యం స్వీకరించాలి. దానికి ముందు, నేను స్వేచ్ఛగా, ఎవరి బలవంతం లేకుండా, జీవితాంతం ఈ సేవకి వస్తున్నాను అని సొంత చేతిరాతతో రాసి సంతకం చేసి ఇవ్వాలి, అది 1036. పదిహేనేళ్ళ తర్వాత చూద్దాంలే అని మనసులో పెట్టుకుని ఆ కాగితం రాయడం అబద్ధం రాయడమే, చెప్పడానికి కటువుగా ఉన్నా.

అతను సందేహంలో ఉంటే సెమినరీలోని స్పిరిచ్యువల్ డైరెక్టర్ ఫాదర్‌తో మాట్లాడమనండి. భయపడక్కర్లేదు, ఒక అభ్యర్థికి పట్టం ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో ఆయన అభిప్రాయం గానీ, పాపసంకీర్తనం విన్న గురువు అభిప్రాయం గానీ అడగకూడదని చట్టమే నిషేధించింది. అక్కడ చెప్పింది పైకి పోదు. ఒక ఏడాది బయట ఉండి వస్తానని అడగడం కూడా తప్పు కాదు.

అమ్మగారి దగ్గర మీకు కష్టమైన పని ఉంది. కొడుకు సెమినరీ వదిలి వస్తే నలుగురిలో తలెత్తుకోలేమనే భయం చాలామంది తల్లులకి ఉంటుంది, కొడుకులు ఆ భయాన్ని మోసుకుంటూ పట్టం దాకా వెళ్ళిపోతారు. పట్టం తీసుకోమని ఎవరినీ ఏ రకంగానూ బలవంతపెట్టకూడదని సంఘం చట్టమే, 1026వ నియమం, చెప్తోందని ఆవిడకి చెప్పండి. అదే నియమం యోగ్యుడైనవాణ్ణి వెనక్కి లాగడం కూడా తప్పంటుంది, ఆ ముక్క నాన్నగారికి వినిపించండి. పెళ్ళీ కావాలి, సంఘసేవా కావాలి అనుకుంటే దారులు లేకపోలేదు: పెళ్ళయినవాళ్ళు భార్య సమ్మతితో, 35 ఏళ్ళు దాటాక, శాశ్వత డీకన్లు కావచ్చు, డయోసిస్‌లో ఆ పద్ధతి ఉందో లేదో కనుక్కోవాలి. నాన్నగారి సంఘంలో పాస్టరు కావడం ఇంకో దారి, అయితే పెళ్ళి కోసం విశ్వాసం మార్చుకున్నాడనిపించుకుంటే అక్కడా ఇమడలేడు.

పట్టం తర్వాత మనసు మారితే? అప్పుడు విడుదల పోపు దగ్గర్నుంచే రావాలి, ఉద్యోగం, ఇల్లు, మనుషులు అన్నీ ఒక్కసారే పోతాయి. ఆ ధైర్యం లేనివాళ్ళు కొందరు దొంగచాటు కాపురం పెడతారు. గురువులకి పుట్టిన పిల్లల విషయంలో ఏం చెయ్యాలో తన దగ్గర అంతర్గత మార్గదర్శకాలు ఉన్నాయని వాటికనే 2019లో ఒప్పుకుంది, అంటే సమస్య ఉందన్నమాటే కదా. ఆ ఇళ్ళలో ఉండే స్త్రీ ఎవరో పైకి తెలియదు, ఆ బిడ్డ నాన్న అని నలుగురిలో పిలవలేడు. మెల్ఫిలో తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళ గురించి అందుకే చెప్పాను. "చూద్దాంలే" అని మీ తమ్ముడు అనేస్తే, ఆ మాట ఖరీదు కట్టేది రేపు ఎవరో ఒక అమ్మాయి.

డీకన్ పట్టం ఏ తేదీనో మీరు రాయలేదు. ఫోన్ చేసి ముందు అది కనుక్కోండి. ఆ చేతిరాత కాగితం ఇచ్చేశాడా, ఇంకా ఇవ్వలేదా అని కూడా అడగండి. ఇవ్వకపోతే ఈ ఆదివారమే వెళ్ళి కలవండి, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళకుండా.